ప్రైమరీ డిబేట్లలో విదేశాంగ విధానం: ఓటరు చూసేది బయోడేటా కాదు

2007 జులై 23న దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో డెమోక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేయాలనుకుంటున్న ఎనిమిది మంది ఒక వేదిక మీద నిలబడ్డారు. సీఎన్ఎన్, యూట్యూబ్ కలిసి పెట్టిన డిబేట్ అది. ప్రశ్నలన్నీ మామూలు జనం ఇంట్లో కూర్చుని వీడియో తీసి పంపినవే. అందులో ఒకటి ఇలా సాగింది: 1982లో ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్ వెళ్లారు, ఆ ప్రయాణం శాంతి ఒప్పందానికి దారితీసింది; అదే తెగువతో మీరు పదవిలోకి వచ్చిన తొలి ఏడాదిలోనే ఇరాన్, సిరియా, వెనిజులా, క్యూబా, ఉత్తర కొరియా నేతలను ముందస్తు షరతులు లేకుండా కలుస్తారా?

ప్రశ్నలోనే తప్పుంది. సాదత్ ఇజ్రాయెల్ వెళ్లింది 1977లో. 1981లోనే ఆయన హత్యకు గురయ్యారు. వేదిక మీద సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ చైర్మన్ జో బైడెన్ ఉన్నారు, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా చేసిన బిల్ రిచర్డ్‌సన్ ఉన్నారు. అయినా ఆ ఏడాది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే అక్కడ పరీక్ష చరిత్రలో కాదు.

సెనేట్‌కు వచ్చి మూడేళ్లు కూడా నిండని బరాక్ ఒబామా మొదట జవాబిచ్చారు. కలుస్తానన్నారు. ఒక దేశంతో మాట్లాడకపోవడమే ఆ దేశానికి శిక్ష అనుకోవడం హాస్యాస్పదమని కూడా అన్నారు. హిల్లరీ క్లింటన్ వంతు వచ్చింది. తొలి ఏడాదిలోనే కలుస్తానని మాట ఇవ్వలేనని, అధ్యక్ష స్థాయి భేటీని వాళ్లు ప్రచారానికి వాడుకునే ప్రమాదం ఉందని, ముందు రాయబారులను పంపి అవతలివాళ్ల ఉద్దేశం తెలుసుకోవాలని ఆమె చెప్పారు. మర్నాడు అయోవాలోని ఒక పత్రికతో మాట్లాడుతూ ఒబామా మాటలు బాధ్యతారహితమని, అమాయకత్వమని అనేశారు. ఒబామా అక్కడే దెబ్బకు దెబ్బ తీశారు: బయటపడే దారి ఆలోచించకుండా ఇరాక్ యుద్ధానికి ఓటేయడమే అసలు బాధ్యతారాహిత్యం, అసలు అమాయకత్వం అని.

దౌత్యం తెలిసినవాళ్లను ఎవరిని అడిగినా క్లింటన్ జవాబే సరైనదని చెప్పేవారు. దేశాధినేతల సమావేశం అంటే చివరి మెట్టు. కింద మెట్లు కట్టకుండా పైకి ఎక్కరు. ఒబామా బృందం కూడా తర్వాతి నెలల్లో "ముందస్తు షరతులు ఉండవు గానీ ముందస్తు సన్నాహాలు ఉంటాయి" అంటూ సవరించుకుంది. అయినా ఆ గొడవలో నష్టపోయింది క్లింటనే. ఎందుకు నష్టపోయారో అర్థం చేసుకుంటే ప్రైమరీల్లో విదేశాంగ విధానం మీద విశ్వసనీయత అనేది ఎలా పుడుతుందో, ఎలా పోతుందో కొంత తెలుస్తుంది.

మన దగ్గర అభ్యర్థిని అధిష్ఠానం ఖరారు చేస్తుంది. అమెరికాలో ఆ పని రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీ ఎన్నికలు, కాకస్‌లు (పార్టీవాళ్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశాలు) చేస్తాయి. ఓటు వేసేది ఎక్కువగా ఆ పార్టీ అభిమానులే. వేదిక మీద ఉన్నవాళ్లందరూ ఒకే పార్టీవాళ్లు కాబట్టి పన్నులు, చదువు, వైద్యం లాంటి విషయాల్లో తేడాలు భూతద్దం పెట్టి వెతకాలి. 2008లో క్లింటన్, ఒబామాల ఆరోగ్య బీమా ప్రణాళికల మధ్య పెద్ద తేడా ఒక్కటే: పెద్దవాళ్లందరూ తప్పనిసరిగా బీమా తీసుకోవాలా, అక్కర్లేదా అన్నది. యుద్ధం అలా కాదు. ఓటు వేశావా లేదా, సైన్యాన్ని పంపుతావా లేదా అని అడిగితే మధ్యేమార్గం ఉండదు. గోడ మీద పిల్లిలా కూర్చుంటే అది ఇంకా ఘోరంగా కనిపిస్తుంది.

పైగా ఆ పార్టీ ఓటరుకి ఒక బాకీ ఉంటుంది. తను గెలిపించిన నాయకులు చేసిన యుద్ధం తప్పని తేలితే, ఆ తప్పుకి ఎవరు జవాబుదారీ అని అడిగే అవకాశం ప్రైమరీలోనే దొరుకుతుంది. నవంబర్ ఎన్నికలో ఆ అవకాశం లేదు. అప్పుడు అవతలి పార్టీ వాడు ఇంకా నచ్చడు కాబట్టి నోరు మూసుకుని తన పార్టీకే వేయాలి. కాబట్టి డిబేట్లో విదేశాంగ విధానం అనగానే పైకి ఇరాన్, రష్యా, చైనాల గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల నడిచేది పార్టీ ఇంటి పంచాయితీ. మన పాత తప్పు దగ్గర నువ్వు ఎటు నిలబడ్డావు? ఇదే అసలు ప్రశ్న. బయోడేటా దాని తర్వాతే.

2002 అక్టోబర్ నాటి సెనేట్ ఓటింగు ఆ పంచాయితీకి మూలం. ఇరాక్ మీద బలప్రయోగానికి అధ్యక్షుడు బుష్‌కు అధికారమిచ్చే తీర్మానం 77–23తో నెగ్గింది. డెమోక్రాట్లలో 29 మంది అవునన్నారు, 21 మంది కాదన్నారు. ఆ అవునన్నవాళ్ల జాబితా చూస్తే నవ్వొస్తుంది: హిల్లరీ క్లింటన్, జో బైడెన్, జాన్ కెర్రీ, జాన్ ఎడ్వర్డ్స్, క్రిస్ డాడ్. అధ్యక్ష పదవి మీద కన్నున్న వాళ్లు దాదాపు అందరూ అందులోనే ఉన్నారు. అది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని వ్యతిరేకించిన డెమోక్రాట్లు ఆ తర్వాత పిరికివాళ్లుగా ముద్ర వేయించుకున్నారు. బైడెన్ కూడా అప్పట్లో వ్యతిరేకంగానే ఓటేశారు. ఆ ముద్ర మళ్లీ పడకూడదన్న భయం 2002లో చాలామంది చేత అవునని చెప్పించింది. అంటే రేపటి డిబేట్లో గట్టివాడిగా కనిపించాలని ఈరోజు వేసిన ఓటు, ఆ రేపు వచ్చేసరికి మెడకు చుట్టుకుంది.

అయితే వెంటనే చుట్టుకోలేదు. 2004 ప్రైమరీలో వెర్మాంట్ మాజీ గవర్నర్ హోవర్డ్ డీన్ యుద్ధ వ్యతిరేకిగానే పైకి లేచారు. 2003 డిసెంబర్‌లో సద్దాం హుస్సేన్ పట్టుబడ్డాడు. సద్దాంను పట్టుకున్నంత మాత్రాన అమెరికాకు భద్రత పెరగలేదని డీన్ అన్నారు. మిగతా అభ్యర్థులు ఒక్కుమ్మడిగా మీద పడ్డారు, ఈయనకు అధ్యక్షుడయ్యే తూకం లేదని. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మాటే నిజమైంది, కానీ అప్పటికి అది నోరు జారడం కిందే లెక్క. జనవరి 19న, అన్ని రాష్ట్రాలకన్నా ముందు జరిగే అయోవా కాకస్‌లో డీన్ 18 శాతంతో మూడో స్థానంలో పడ్డారు. వియత్నాం యుద్ధంలో పతకాలు తెచ్చుకున్న కెర్రీ 38 శాతంతో గెలిచారు. యుద్ధానికి ఓటేసిన కెర్రీకే నామినేషన్ దక్కింది. ఇరాక్ తప్పని పార్టీలో సగం మందికి అనుమానం ఉంది గానీ, అది ఇంకా ఒప్పుకున్న తప్పు కాలేదు. ఒప్పుకోని తప్పును ముందుగా ఎత్తి చూపినవాడికి దూరదృష్టి ఉందని ఎవరూ అనరు, ఆత్రగాడంటారు.

మూడేళ్లలో పరిస్థితి తిరగబడింది. 2005 నవంబర్‌లో ఎడ్వర్డ్స్ తన ఓటు తప్పని పత్రికలో వ్యాసం రాసి మరీ ఒప్పుకున్నారు. క్లింటన్ మాత్రం ఒప్పుకోలేదు. 2007 ఫిబ్రవరిలో న్యూ హాంప్‌షైర్‌లో ఆమె చెప్పిన మాటల సారాంశం ఇది: ఆ ఓటు వేయనివాళ్లో, వేసినందుకు తప్పు ఒప్పుకున్నవాళ్లో కావాలనుకుంటే మీకు వేరే అభ్యర్థులున్నారు. ధైర్యంగా చెప్పిన మాటే, కానీ ఓటర్లు ఆ సలహాను అక్షరాలా పాటించారు. ఆమె లెక్క అర్థం కానిది కాదు. మాట మార్చే మనిషి అన్న ముద్ర కెర్రీని 2004లో ఎలా ముంచిందో ఆమె చూశారు. పైగా మొదటి మహిళా సర్వసేనాని కాబోయే మనిషి మెత్తగా కనిపించకూడదన్న జాగ్రత్త ఒకటి. ఆ జాగ్రత్త నవంబర్ ఎన్నికకు పనికొచ్చేది. దాన్ని ప్రైమరీలోనే వాడేయడంతో వచ్చింది ఇబ్బంది. చివరికి 2014లో ఆమె తన జ్ఞాపకాల్లో ఆ ఓటు తప్పేనని సూటిగా రాశారు. ఏడేళ్లు ఆలస్యం.

ఒబామా దగ్గర ఉన్నది 2002 అక్టోబర్ 2న షికాగోలో చేసిన ఒక్క ప్రసంగం. తాను అన్ని యుద్ధాలకూ వ్యతిరేకిని కాదని, తెలివితక్కువ యుద్ధానికే వ్యతిరేకినని అందులో చెప్పారు. అప్పటికి ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ మాత్రమే. నిజం చెప్పాలంటే ఆ వైఖరికి ఆయన పెద్దగా మూల్యం చెల్లించాల్సిన పని లేదు. ఆయన నియోజకవర్గం ఉదారవాదులతో నిండినది, వాషింగ్టన్‌లో ఓటు వేయాల్సిన బాధ్యతా ఆయన మీద లేదు. అమెరికా సెనేట్‌కు వచ్చాక ఇరాక్ నిధుల బిల్లుల మీద 2007 దాకా ఆయన ఓట్లు దాదాపు క్లింటన్ ఓట్ల లాగే ఉన్నాయి. క్లింటన్ వర్గం ఇదంతా ఎత్తి చూపింది. ఎవరూ వినలేదు. పార్టీకి కావాల్సింది ఆ తప్పు అంటని మనిషి, దొరికాడు. ఎంత చౌకగా అంటకుండా ఉండగలిగాడు అన్నది ఎవరికి కావాలి?

చార్ల్‌స్టన్ తర్వాత వారానికే, ఆగస్టు 1న, ఒబామా వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్‌లో ఇంకో మాట అన్నారు. పాకిస్తాన్‌లో దాక్కున్న ముఖ్యమైన ఉగ్రవాదుల ఆచూకీ గట్టిగా దొరికి, ముషారఫ్ కదలకపోతే మేమే కదులుతాం అని. ఇస్లామాబాద్ మండిపడింది. మర్నాడు ఒక విలేకరి అణ్వాయుధాల గురించి అడిగితే ఆఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌లలో వాటిని వాడే ప్రసక్తే లేదన్నారు. అధ్యక్షుడయ్యేవాళ్లు ఏది వాడతాం, ఏది వాడం అని బయటకు చెప్పకూడదని క్లింటన్ మందలించారు. ఆగస్టు 7న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో కార్మిక సంఘాల సమాఖ్య పెట్టిన డిబేట్లో ఈ తగాదా రచ్చకెక్కింది. పెద్దగా ఆలోచించవచ్చు గానీ, అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు అనుకున్నదంతా బయటకు అనకూడదన్నారు క్లింటన్. డాడ్ కూడా తోడయ్యారు. ఒబామా జవాబు ఒక్క వాక్యం: మన తరంలోకెల్లా పెద్ద విదేశాంగ విపత్తుకు అనుమతి ఇచ్చినవాళ్లు ఇప్పుడు నాకు పాఠాలు చెప్పడం వింతగా ఉంది.

ఆ వాక్యం పాకిస్తాన్ గురించి ఏమీ చెప్పదు. దాడి చేస్తే అణ్వాయుధాలున్న దేశంలో ఏమవుతుంది, ఆఫ్ఘానిస్తాన్‌లో ఉన్న సైన్యానికి కరాచీ నుంచి సరుకు వెళ్లే దారి ఏమవుతుంది లాంటి అసలు ప్రశ్నలకు అందులో జవాబు లేదు. కానీ డిబేట్ అక్కడితో అయిపోయింది. అడిగే హక్కే మీకు లేదన్న తర్వాత ప్రశ్న ఎంత మంచిదైనా ఒకటే. ప్రైమరీ డిబేట్ల బలహీనత ఇక్కడే ఉంది. నిమిషం, నిమిషంన్నర జవాబుల్లో విధానం పట్టదు, ఎత్తిపొడుపు పడుతుంది.

తర్వాత జరిగిన కథ ఇంకా విచిత్రం. 2011 మే 2న అబ్బోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్‌ను అమెరికా కమాండోలు మట్టుబెట్టినప్పుడు వైట్‌హౌస్ గదిలో కూర్చుని చూసినవాళ్లలో ముగ్గురు 2007 వేదిక మీదివాళ్లే. ఒబామా నాలుగేళ్ల కిందట చెప్పినట్టే ముషారఫ్ వారసులకు మాట కూడా చెప్పకుండా పని ముగించారు. పాకిస్తాన్ గురించి అలా మాట్లాడకూడదన్న క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఆ దాడిని సమర్థించారు. విదేశాంగ అనుభవంలో అందరికన్నా పెద్దవారైన ఉపాధ్యక్షుడు బైడెన్, ఇప్పుడే వద్దని తాను సలహా ఇచ్చానని 2012లో స్వయంగా చెప్పుకున్నారు.

మరి ఐదు దేశాల నేతలను తొలి ఏడాదిలో కలుస్తానన్న మాట ఏమైంది? వెనిజులా అధ్యక్షుడు చావెజ్‌తో 2009 ఏప్రిల్‌లో ట్రినిడాడ్ సదస్సులో ఒక కరచాలనం, అంతే. ఇరాన్ అధ్యక్షుడు రౌహానీతో ఫోన్లో మాట్లాడింది 2013 సెప్టెంబర్‌లో. అణు ఒప్పందం 2015 జులైలో. క్యూబా నేత రౌల్ కాస్ట్రోతో సమావేశం 2015లో, హవానా పర్యటన 2016లో. ఉత్తర కొరియా నేతను ఒబామా కలవనే లేదు. సింగపూర్‌లో 2018 జూన్‌లో కలిసింది డొనాల్డ్ ట్రంప్. అంటే మాట గడువు ప్రకారం చూస్తే క్లింటన్ చెప్పిందే జరిగింది: ముందు రాయబారులు, రహస్య మంతనాలు, ఆ తర్వాతే పెద్దవాళ్లు. ఇరాన్‌తో ఒమన్ ద్వారా గుట్టుగా మాటలు మొదలైంది కూడా క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఉన్న రోజుల్లోనే. దిశ ప్రకారం చూస్తే మాత్రం ఒబామా చెప్పిందే జరిగింది. డిబేట్లో చెప్పిన వివరాలను నమ్మకూడదు గానీ, అందులో బయటపడే మొగ్గును అంత తేలిగ్గా తీసెయ్యకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కష్టం.

క్లింటన్ వర్గం చివరి అస్త్రంగా 2008 ఫిబ్రవరి 29న ఒక టీవీ ప్రకటన వదిలింది. తెల్లవారుజామున 3 గంటలు, పిల్లలు నిద్రపోతున్నారు, వైట్‌హౌస్‌లో ఫోన్ మోగుతోంది, ఎవరు ఎత్తాలి? టెక్సాస్, ఒహాయో ప్రైమరీలు నాలుగు రోజుల్లో ఉన్నాయి. ఒహాయోలో ఆమె గెలిచారు, టెక్సాస్ ప్రైమరీలోనూ ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నారు కాబట్టి భయం కొంత పనిచేసిందనే అనుకోవాలి. ఒబామా వర్గం అదే రోజు బదులు ప్రకటన తెచ్చింది, ఆ ఫోన్ ఎత్తినప్పుడు సరైన నిర్ణయం తీసుకున్నదెవరు అంటూ మళ్లీ ఇరాక్ దగ్గరికే తీసుకొచ్చి. తమాషా ఏమిటంటే, ఆ ప్రకటనలో నిద్రపోతూ కనిపించిన ఒక పాప దృశ్యం ఎప్పుడో తీసిన పాత ఫుటేజీ. ఆ పాప అప్పటికి ఓటు వయసుకు దగ్గరపడి, ఒబామాకు మద్దతుదారై ఉంది.

అనుభవాన్ని అతిగా అమ్ముకోబోయి క్లింటన్ ఇంకో చోట కూడా పప్పులో కాలేశారు. 1996లో బోస్నియాలోని టూజ్లాకు వెళ్లినప్పుడు తుపాకీ కాల్పుల మధ్య తలవంచుకుని పరుగెత్తామని 2008 మార్చిలో చెప్పారు. సీబీఎస్ పాత వీడియో బయటపెట్టింది. విమానం పక్కనే తీరిగ్గా స్వాగతం, ఒక చిన్నపిల్ల పలకరింపు, కూతురు చెల్సీ పక్కన. మాట తప్పుగా వచ్చిందని ఆమె సర్దుకున్నారు. నిజానికి సెనేట్ సాయుధ దళాల కమిటీలో ఆమె చేసిన పని ఆ తుపాకీ కథకన్నా ఎంతో బరువైనది. కానీ కమిటీ పని టీవీలో కనిపించదు కదా.

అనుభవమే కొలమానమైతే 2008లో గెలవాల్సింది బైడెన్ లేదా రిచర్డ్‌సన్. జనవరి 3న అయోవాలో బైడెన్‌కు ఒక్క శాతం కూడా రాలేదు. రిచర్డ్‌సన్ వారంలో తప్పుకున్నారు. వేరే దేశాల చెరల్లో ఉన్నవాళ్లను స్వయంగా వెళ్లి విడిపించుకొచ్చిన మనిషి ఆయన.

ఇక జ్ఞానం సంగతి. అభ్యర్థికి ప్రపంచం గురించి ఎంత తెలుసో చూడటానికి క్విజ్ పెట్టడం విలేకరులకు ఒక సరదా. 1999 నవంబర్‌లో బోస్టన్ టీవీ విలేకరి ఒకరు అప్పటి టెక్సాస్ గవర్నర్ జార్జ్ డబ్ల్యూ బుష్‌ను నాలుగు పేర్లు అడిగారు: చెచెన్యా, తైవాన్, పాకిస్తాన్, భారత్ నాయకులెవరు? తైవాన్‌కు "లీ" అని సగం చెప్పగలిగారు. పాకిస్తాన్‌కు "జనరల్" అన్నారు, పేరు రాలేదు. వాజ్‌పేయి పేరు అసలే రాలేదు. నవ్వులపాలయ్యారు, అయినా రిపబ్లికన్ నామినేషన్ గెలిచారు. అదే బుష్ 2006 మార్చి 2న ఢిల్లీలో మన్మోహన్ సింగ్‌తో పౌర అణు ఒప్పందం ఖాయం చేసి, మర్నాడు హైదరాబాద్ వచ్చారు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతులతో మాట్లాడారు, గచ్చిబౌలి ఐఎస్‌బీలో యువ వ్యాపారవేత్తలతో కూర్చున్నారు. భారత ప్రధాని పేరు తెలియని అభ్యర్థి, భారత్‌తో సంబంధాన్ని అందరికన్నా ఎక్కువ మార్చిన అధ్యక్షుల్లో ఒకరయ్యారు. క్విజ్‌లో తప్పడం అందుకే పెద్ద విషయం కాదు. అలాగని తెలియకపోవడం మంచిదనీ కాదు, ఆయన ఇరాక్‌లో చేసింది అదే రికార్డులో ఉంది.

2011లో రిపబ్లికన్ అభ్యర్థి హెర్మన్ కేన్ తనకు ఉజ్బెకిస్తాన్ లాంటి చిన్న దేశాల అధ్యక్షుల పేర్లు తెలియకపోతే ఏంటని వెటకారం చేశారు. నెల దాటిన కొద్ది రోజులకే ఒక పత్రిక సంపాదకవర్గం ముందు లిబియా గురించి అడిగితే చాలాసేపు దిక్కులు చూశారు. ఆ వీడియో ఆయన్ని కుంగదీసింది. అదే పోటీలో చైనాకు రాయబారిగా చేసి వచ్చిన జాన్ హంట్స్‌మన్ న్యూ హాంప్‌షైర్ డిబేట్లో మాండరిన్‌లో ఒక వాక్యం మాట్లాడి చూపించారు. రిపబ్లికన్ ఓటరుకు అది గొప్పగా కాదు, అనుమానంగా అనిపించింది. ఒబామా పంపిన రాయబారి కదా మరి.

ఈ తర్కం అంతా 2016లో రిపబ్లికన్ల వైపు పూర్తిగా బయటపడింది. 2015 డిసెంబర్ 15న లాస్ వెగాస్ డిబేట్లో అణు త్రయం గురించి అడిగితే, అంటే నేల మీది క్షిపణులు, జలాంతర్గాములు, బాంబర్ విమానాలు మూడింటిలో దేన్ని ముందు బాగుచేయాలని అడిగితే, ట్రంప్ జవాబు ఎటో వెళ్లిపోయింది. వెంటనే మరో అభ్యర్థి మార్కో రూబియో ఆ మూడూ ఏమిటో పాఠం చెప్పినట్టు విడమరిచి చెప్పారు. పరీక్ష పేపరైతే రూబియోకు నూటికి నూరు. సైనిక విషయాల్లో సలహాకు ఎవరితో మాట్లాడతారని అంతకుముందు ఒక టీవీ ఇంటర్వ్యూలో అడిగితే టీవీ కార్యక్రమాలు చూస్తానని ట్రంప్ చెప్పారు. పాత కొలమానం ప్రకారం అక్కడితో ఆయన పని అయిపోవాలి.

2016 ఫిబ్రవరి 13, దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్. సైనికులు, మాజీ సైనికులు పెద్ద సంఖ్యలో ఉండే రాష్ట్రం, బుష్ కుటుంబానికి కంచుకోట. పక్కనే మాజీ అధ్యక్షుడు బుష్ తమ్ముడు జెబ్ బుష్ నిలబడి ఉండగా ఇరాక్ యుద్ధం చాలా పెద్ద తప్పని, విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని అబద్ధం చెప్పారని ట్రంప్ అన్నారు. హాల్లో జనం గేలి చేశారు. తన అన్న దేశాన్ని కాపాడుతుంటే ట్రంప్ టీవీ రియాలిటీ షో చేసుకుంటున్నాడని జెబ్ ఎదురు తిరిగారు. ట్రంప్ ఆగలేదు: వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలింది మీ అన్న హయాంలోనే అన్నారు. ట్రంప్ అయిపోయాడని ఆ రాత్రి విశ్లేషకులు తేల్చేశారు. వారం తర్వాత ఓట్లు లెక్కపెడితే ట్రంప్‌కు 32 శాతం పైన, జెబ్‌కు 8 శాతం కూడా లేదు. జెబ్ ఆ రాత్రే తప్పుకున్నారు.

హాల్లో గేలి చేసినవాళ్లు పార్టీ టికెట్లిచ్చి పిలిపించుకున్న జనం. బయట ఓటు వేసినవాళ్లు కొడుకుల్ని ఇరాక్ పంపిన జనం. పదమూడేళ్లుగా ఆ పార్టీలో పెద్దవాళ్లలో చాలామంది ఆ తప్పును సూటిగా తప్పు అనలేదు. జెబ్ బుష్ అయితే 2015 మేలో ఇదే ప్రశ్నకు నాలుగైదు రోజుల్లో నాలుగైదు జవాబులిచ్చారు. డెమోక్రాట్లలో 2007కే తెగిపోయిన పంచాయితీ రిపబ్లికన్లలో అప్పటిదాకా మొదలే కాలేదు, అందుకే మొదలుపెట్టినవాడు అంత లాభపడ్డాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తాను మొదటినుంచీ ఆ యుద్ధానికి వ్యతిరేకినని ట్రంప్ చెప్పుకున్నారు. 2002 సెప్టెంబర్‌లో ఒక రేడియో కార్యక్రమంలో యుద్ధాన్ని సమర్థిస్తారా అని అడిగితే, అవుననే అనుకుంటానని ఆయనే అన్న రికార్డింగు ఉంది. అది బయటికొచ్చింది కూడా. ఏమీ కాలేదు. అంటే ఓటరు కొలిచింది నాటి దూరదృష్టిని కూడా కాదు, ఈరోజు తప్పును తప్పనగల తెగువను. ఒబామా విషయంలో ప్రసంగమైనా ఉంది. ట్రంప్ విషయంలో అదీ లేదు. విశ్వసనీయత అన్న మాటను ఇక్కడ నిజాయితీ అన్న అర్థంలో వాడితే తప్పుదోవ పడతాం.

అనుభవం ఎప్పుడూ ఓడుతుందనీ కాదు. అదే 2016లో డెమోక్రాట్ల వైపు బెర్నీ శాండర్స్ డిబేట్లలో పదేపదే క్లింటన్ 2002 ఓటును లేవనెత్తారు. 2002 నాటి ఓటు ఐసిస్‌ను ఓడించే ప్రణాళిక కాదని ఆమె తిప్పికొట్టారు, నామినేషన్ గెలిచారు. 2020లో అమెరికా దాడిలో ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీ హతమైన పదకొండు రోజులకే అయోవాలోని డెమొయిన్‌లో డిబేట్ జరిగింది; బైడెన్ తన ఇరాక్ ఓటు తప్పని ఒప్పుకున్నారు, శాండర్స్ తాను ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఓటేశానని గుర్తుచేశారు. గెలిచింది బైడెన్. ఆ పార్టీలో ఇరాక్ పుండు అప్పటికి మానిపోయింది, మానిన చోట ఎంత కారం చల్లినా మండదు. కొత్త పుండు ట్రంప్. ఆయన్ని ఎవరు ఓడించగలరన్నదే ప్రశ్న కావడంతో పాత ముఖం, ప్రపంచ నాయకులతో పాత పరిచయాలు ఒక ఊరటలా పనిచేశాయి. పుండు లేనప్పుడు బయోడేటాకు విలువ తిరిగొస్తుంది.

2023 ఆగస్టు 23న మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ డిబేట్ మన ఇళ్లలో కూడా చాలామంది చూశారు, ఎందుకంటే గొడవపడ్డ ఇద్దరూ భారతీయ మూలాలున్నవాళ్లు. పంజాబ్ నుంచి వెళ్లిన కుటుంబం నిక్కీ హేలీది, కేరళ నుంచి వెళ్లిన కుటుంబం వివేక్ రామస్వామిది. ఉక్రెయిన్‌కు ఇక డబ్బు ఇవ్వనన్నారు రామస్వామి. మీకు విదేశాంగ విధానంలో అనుభవం లేదు, అది కనిపిస్తూనే ఉంది అని హేలీ ఒక్క దెబ్బ వేశారు. హాలు చప్పట్లతో మోగింది. డిసెంబర్‌లో టస్కలూసా వేదిక మీద రామస్వామి ఎదురుదెబ్బకు దిగారు: మన సైనికులను పోరాటానికి పంపాలనుకుంటున్న తూర్పు ఉక్రెయిన్‌లో మూడు ప్రాంతాల పేర్లు ఈమె చెప్పగలరా అని. క్విజ్ మళ్లీ వచ్చింది. మన టీవీల్లో ఇదంతా "మనవాళ్ల మధ్య మాటల యుద్ధం" లాగా నడిచింది గానీ, అసలు విషయం వాళ్లిద్దరి చేతుల్లో లేదు. ఆ వేదిక మీద ట్రంప్ లేరు, ఒక్క డిబేట్‌కూ రాలేదు. ఐక్యరాజ్యసమితిలో రాయబారిగా చేసిన హేలీ తన సొంత రాష్ట్రం దక్షిణ కరోలినాలోనే 2024 ఫిబ్రవరి 24న దాదాపు 20 పాయింట్ల తేడాతో ట్రంప్ చేతిలో ఓడారు. 2016లో గ్రీన్‌విల్‌లో తేలిన లెక్కే అది. ఆమె పాత రిపబ్లికన్ పార్టీ పరీక్షకు బాగా చదువుకుని వచ్చారు.

వేదిక మీది మాటల్లో ఎంత నటన ఉంటుందో చెప్పడానికి రాబర్ట్ గేట్స్ సాక్ష్యం ఒకటి చాలు. బుష్, ఒబామా ఇద్దరి దగ్గరా రక్షణ మంత్రిగా చేసిన మనిషి ఆయన. 2007లో ఇరాక్‌కు అదనపు సైన్యాన్ని పంపడాన్ని తాను వ్యతిరేకించింది రాజకీయ కారణాలతోనేనని, అయోవాలో ఒబామాతో పోటీ ఉండటమే కారణమని క్లింటన్ తన ముందే అధ్యక్షుడితో చెప్పారని 2014లో ఆయన రాశారు. తన వ్యతిరేకత కూడా రాజకీయమేనన్నట్టు ఒబామా అస్పష్టంగా ఒప్పుకున్నారనీ రాశారు. అదే గేట్స్, బైడెన్ నాలుగు దశాబ్దాలుగా దాదాపు ప్రతి పెద్ద విదేశాంగ విషయంలోనూ తప్పు వైపే ఉన్నారని తీర్పిచ్చారు. అది ఆయన అభిప్రాయం, తర్కించవచ్చు. కానీ మొదటి సంగతి కొంచెం కలవరపెట్టేదే. సైన్యం ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు అయోవా జవాబు చెబుతోందన్నమాట.

2024లో డెమోక్రాట్లు అసలు ప్రైమరీ డిబేట్లే పెట్టలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ పోటీ చేస్తుంటే పార్టీ డిబేట్లు పెట్టకపోవడం ఆనవాయితీ. అదే సమయంలో గాజా యుద్ధం ఆ పార్టీని నిలువునా చీల్చింది. అడగడానికి వేదిక లేకపోతే జనం బ్యాలెట్ మీదే అడిగారు: ఫిబ్రవరి 27న మిషిగన్ ప్రైమరీలో లక్ష మందికి పైగా, 13 శాతం, ఏ అభ్యర్థికీ కట్టుబడం అన్న గడికి ఓటేశారు. ఆగస్టులో షికాగో మహాసభలో పాలస్తీనా మూలాలున్న ఒక్కరికైనా మాట్లాడే అవకాశం ఇవ్వమని వాళ్ల ప్రతినిధులు అడిగారు. ఇవ్వలేదు. డెమోక్రాట్లకు మళ్లీ పూర్తిస్థాయి ప్రైమరీ వచ్చేది 2028లో. సెనేట్ నుంచి ఆ పోటీలోకి దిగేవాళ్లందరికీ ఇజ్రాయెల్‌కు ఆయుధాల మీద వేసిన ఓట్ల రికార్డు ఒకటి వెంట ఉంటుంది, గవర్నర్లకు ఉండదు.